అవకాడో వేళ్ళకు గాలి ఆడాలి

గుంటూరు దగ్గర మా చేలో మూడేళ్ళ అవకాడో మొక్క ఒకటి కిందటి అక్టోబరులో చనిపోయింది. మే నెల వడగాలికి నిలబడ్డ మొక్క వాయుగుండం వానలకు పోయింది. నాలుగు రోజులు ముసురు పట్టి పాదులో నీళ్ళు నిలిచిపోయాయి. ఎండ కాయగానే ఆకులు వేలాడేశాయి. దాహమేమో అనుకుని నాన్న ఇంకో రెండు బిందెలు పోశారు. వారం తర్వాత తవ్వి చూస్తే సన్న వేళ్ళన్నీ నల్లబడి, పట్టుకుంటే పుటుక్కున విరిగిపోయాయి.

ఎండినా, నీళ్ళు ఎక్కువై ఉరకెత్తినా ఈ చెట్టు ఆకులు ఒకేలా వాలుస్తుంది. మనల్ని తప్పుదారి పట్టించేది అదే. నీళ్ళు పీల్చాలంటే వేరుకు ప్రాణవాయువు కావాలి. మన నల్లరేగడి తడిసిందంటే ఉబ్బి, గాలి ఉండాల్సిన సందులన్నీ మూసుకుపోతాయి. అప్పుడు వేరు నీళ్ళలో ఉండి కూడా నీళ్ళు తాగలేదు.

అవకాడో పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. అక్కడ నేల మీద రాలిన ఆకులు మందంగా పరుచుకుని ఉంటాయి. ఎంత వాన పడినా కిందికి జారిపోతుంది. ఆ పొరలో బతకడానికి అలవాటుపడ్డ పీచు వేళ్ళు చాలావరకు పైన అడుగు, అడుగున్నర లోతులోనే తిరుగుతాయి. నీటిని పీల్చే నూగు కూడా వాటికి బహు తక్కువ. అందుకే మన మామిడిలా బెట్టను ఓర్చుకోలేదు.

నీళ్ళు నిలిచిన చోటికి ఫైటోఫ్తోరా సిన్నమోమి అనే తెగులు కూడా తోడవుతుంది. దీన్ని మొదట 1922లో సుమత్రాలో దాల్చినచెక్క చెట్ల మీద గుర్తించారు, పేరు అలా వచ్చింది. అవకాడో దాల్చినచెక్క కుటుంబానిదే. ఈ తెగులు బీజాలు మట్టిలోని నీళ్ళలో ఈదుకుంటూ వేరును చేరతాయి.

మరి ఎన్ని నీళ్ళు పెట్టాలి? లెక్క కష్టమేమీ కాదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. నాలుగు మీటర్ల గుబురున్న చెట్టు నీడ సుమారు 12.5 చదరపు మీటర్లు. గట్టి ఎండాకాలంలో రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరైతే అది 75 లీటర్లు. అందులో పదింట ఎనిమిది పాళ్ళు చెట్టు వాడుతుందనుకుంటే రోజుకు 60. చలికాలంలో అందులో సగమే చాలు. వారానికి సరిపడా 420 లీటర్లు ఒకేసారి పాదు నింపితే సగం నీరు వేళ్ళకు అందకుండా పోతుంది, మిగతా సగం నీరు వేళ్ళను ముంచుతుంది. గంటకు నాలుగు లీటర్లిచ్చే డ్రిప్పర్లు చెట్టు చుట్టూ ఎనిమిది పెడితే రోజుకు రెండు గంటల్లో పని అయిపోతుంది. మొదలు దగ్గర ఒక్కటే డ్రిప్పర్ పెట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చదు, వేళ్ళు ఉండేది గుబురు కింద మొత్తం.

మన దగ్గర వాన ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు లోపే పడుతుంది. అదీ ఒకసారి కుండపోత, తర్వాత మూడు వారాలు చుక్క ఉండదు. కాబట్టి క్యాలెండర్ చూసి మోటారు వేస్తే చెట్టు దక్కదు. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కాలి. ముద్ద కట్టి మెరిస్తే ఆగాలి. ముద్ద కట్టినా వేలితో తట్టగానే విరిగిపోతే తడి ఇవ్వాలి.

బోరు నీటిని ముందే పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. ఉప్పుకు ఇంత సున్నితమైన పండ్ల చెట్లు కొద్దే, ఆకుల కొసలు మాడటంతో మొదలవుతుంది.

ఈసారి కొత్త మొక్కను రెండడుగుల దిబ్బ పోసి నాటాం. మొదలుకు తగలకుండా చుట్టూ వరిగడ్డి మందంగా పరిచాం. మొన్న మధ్యాహ్నం ఆకులు వాలితే నాన్న బిందె అందుకోలేదు. గునపం తెచ్చి కాస్త మట్టి తీశారు, ముద్ద కట్టింది. మోటారు వేయలేదు. పొద్దు వాలేసరికి ఆకులు తేరుకున్నాయి.