అల్ కపోన్ కేసు: ఒక ఆడిటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. ఆర్థిక మోసాల కేసుల్లో లెక్కల పుస్తకాలు తిరగేయడమే నా పని. ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) కోసం మా దగ్గర చేరే పిల్లలకు మొట్టమొదట చెప్పేది అల్ కపోన్ కేసే. చికాగోను గడగడలాడించిన ఆ గ్యాంగ్‌స్టర్ పేరు వినని వాళ్లుండరు, కానీ అతను పన్ను ఎగవేత కేసులో ఎలా దొరికాడన్నది మాత్రం చాలామంది తప్పుగానే చెబుతారు.

అపోహ: అతన్ని జైలుకు పంపింది ఎలియట్ నెస్.

అప్పట్లో అమెరికాలో మద్యనిషేధం అమలు చేసే అధికారి అయిన నెస్ ధైర్యవంతుడే. కపోన్ బీరు తయారీ కేంద్రాల మీద దాడులు చేసి అతనికి గట్టి నష్టం తెచ్చాడు. కానీ ఆ మద్యనిషేధం కేసు విచారణ దాకా రాలేదు. అసలు పని చేసింది పన్నుల శాఖ దర్యాప్తు అధికారి ఫ్రాంక్ విల్సన్. చికాగో పక్కనే ఉన్న సిసెరోలో 1926లో ఒక జూదశాల మీద దాడి జరిగింది. అక్కడ దొరికిన చిట్టాలు నాలుగేళ్లు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉన్నాయి. 1930లో ఒక రాత్రి పాత బీరువాలో అవి విల్సన్ కంటపడ్డాయి. రౌలెట్‌కి ఒక కాలమ్, గుర్రప్పందేలకు ఒక కాలమ్. ఏడాదిన్నరలో లాభం 5 లక్షల డాలర్లు దాటింది.

లెక్క దొరికింది సరే, రాసిందెవరు? మా వృత్తిలో అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. రాసిన మనిషి వచ్చి "ఇది నా చేతిరాతే" అని చెబితేనే పద్దుకు బలం. విల్సన్ ఆ రాతను పట్టుకుని ఎన్నో కాగితాలతో పోల్చి చూశాడు. చివరికి ఒక చిన్న బ్యాంకు డిపాజిట్ స్లిప్ మీద అదే రాత కనిపించింది. అది జూదశాల క్యాషియర్ లెస్లీ షమ్‌వే రాత. అతన్ని మయామీలో వెతికి పట్టుకుని సాక్ష్యం చెప్పించారు. నాకు ఈ కేసులో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ డిపాజిట్ స్లిప్పే.

అపోహ: దొంగ సొమ్ముకు పన్నేమిటి?

1927లోనే అమెరికా సుప్రీంకోర్టు సలివన్ అనే మద్యం వ్యాపారి కేసులో, అక్రమ ఆదాయానికీ రిటర్న్ వేయాల్సిందేనని తేల్చింది. మన దగ్గరా అంతే. ఆదాయం ఎలా వచ్చిందన్నది పన్నుకు అడ్డం కాదు.

అపోహ: పేరు మీద ఏమీ లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇది నా దగ్గరకు వచ్చే క్లయింట్లూ అంటుంటారు. కపోన్‌కు బ్యాంకు ఖాతా లేదు, ఫ్లోరిడా ఇల్లు భార్య పేరు మీద ఉంది. అందుకే విల్సన్ ఖర్చు వైపు నుంచి లెక్క కట్టాడు. హోటల్ బిల్లులు, సూట్లు, వజ్రాలు పొదిగిన బెల్టు బకిల్స్. ఆ సరుకు అమ్మినవాళ్లే కోర్టుకు వచ్చి చెప్పారు. మన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 69సి సెక్షన్ పెట్టిందీ ఇలాంటి లెక్క చెప్పని ఖర్చు కోసమే.

అపోహ: అతను సిసిలీ మాఫియా మనిషి.

పుట్టింది 1899లో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో. తల్లిదండ్రులది సిసిలీ కాదు, ఇటలీలోనే నేపుల్స్ వైపు ప్రాంతం. తండ్రి మంగలి పని చేసేవాడు.

అపోహ: పన్నుల శాఖతో రాజీకి రాసే ఉత్తరం వల్ల నష్టమేమీ ఉండదు.

కపోన్ తరఫు లాయర్ 1930లో శాఖకు ఒక ఉత్తరం రాశాడు. 1928, 1929ల్లో ఆదాయం ఏడాదికి లక్ష డాలర్లకు మించి ఉండదన్నాడు. సెటిల్‌మెంట్ చేసుకుందామన్నది ఉద్దేశం. తన క్లయింటు హక్కులకు భంగం లేకుండా రాస్తున్నానని కూడా అందులో పెట్టాడు. అయినా కేసు విచారించిన జడ్జి విల్కర్సన్ దాన్ని సాక్ష్యంగా తీసుకున్నారు. పన్నే కట్టనివాడికి ఆదాయం ఉందని సొంత లాయరే రాసిచ్చినట్టయింది. నోటీసుకు రిప్లై టైప్ చేసే ప్రతిసారీ నాకు ఆ ఉత్తరమే గుర్తొస్తుంది.

అపోహ: పన్ను కేసు కాబట్టి చిన్న శిక్షతో సరిపోయింది.

1931 అక్టోబరులో 11 ఏళ్ల జైలు, 50 వేల డాలర్ల జరిమానా పడ్డాయి. ముందు అట్లాంటా జైలు, తర్వాత 1934 నుంచి ఆల్కట్రాజ్ దీవి జైలు. సిఫిలిస్ మెదడుకు పాకి, 1939లో బయటికి వచ్చేసరికే మనిషి చితికిపోయాడు. 1947లో 48 ఏళ్లకే చనిపోయాడు. జూరీ అతన్ని దోషిగా తేల్చింది 5 అభియోగాల్లో. వాటిలో రెండు కేవలం 1928, 1929 రిటర్నులు వేయనందుకు.