రీప్లేస్ చేసినా మాట మారలేదేం?

పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, పైథాన్‌లో ఒక మాటలో అక్షరం మార్చమని రీప్లేస్ సరిగ్గానే రాశాను. ఎర్రర్ కూడా రాలేదు. ప్రింట్ చేస్తే మాత్రం పాత మాటే వచ్చింది. ఎందుకు?"

పైథాన్‌లో స్ట్రింగ్‌ని, అంటే అక్షరాల వరుసని, సిరాతో రాసిన కాగితం అనుకోండి. రాశాక అందులో ఒక్క అక్షరం దిద్దడం కుదరదు. బలవంతంగా మార్చబోతే టైప్‌ఎర్రర్ అంటూ అడ్డం పడుతుంది. రీప్లేస్ చేసేది దిద్దడం కాదు, సాపు రాయడం. పాత కాగితం చూస్తూ, మీరు చెప్పిన అక్షరం వచ్చిన చోటల్లా కొత్తది వేస్తూ, మొత్తం వేరే కాగితం మీద రాసి మీకిస్తుంది. మీరు అందుకోకపోతే అది కింద పడిపోతుంది. అలా పడ్డవాటిని పైథానే ఊడ్చేస్తుంది. అందుకే మాట = మాట.replace("త", "మ") అని రాయాలి. ఎడమవైపున్న పేరే మీరు చాపిన చెయ్యి.

చిన్నప్పుడు మా నాన్నగారు చిత్తు రాసిస్తే ఉత్తరాలు నేనే సాపు రాసేవాణ్ణి. పాళీ సిరాలో ముంచడం, అద్దుడు కాగితంతో అద్దడం, ఒక్క మాట మారినా పేజీ అంతా మళ్లీ రాయడం! చిత్తుప్రతిని మాత్రం ఆయన చింపనిచ్చేవారు కాదు. ఎవరికైనా కావాల్సి రావచ్చు అనేవారు. పైథాన్‌దీ అదే పద్ధతి. ఒకే స్ట్రింగ్‌ని ప్రోగ్రాంలో నాలుగు చోట్ల వాడుతుండొచ్చు. ఒకచోట దిద్దితే మిగతా చోట్లా చెప్పాపెట్టకుండా మారిపోతుంది. మన పని చక్కబెట్టుకోవడానికి ఇంకొకరి పని చెడగొట్టకూడదు కదా.

జావాస్క్రిప్ట్‌లోనూ స్ట్రింగ్‌ని దిద్దలేం. కానీ అక్కడ రీప్లేస్‌కి ఉత్త అక్షరం ఇస్తే మొదట కనబడ్డ చోట మార్చి ఊరుకుంటుంది. అన్నీ మార్చే రీప్లేస్‌ఆల్ ఆ భాష ప్రమాణంలోకి 2021లో వచ్చింది.

ఇక నాకు భలే ఇష్టమైన సంగతి. "తాత"లో "త" బదులు "మ" పెట్టమంటే "మామ" వస్తుంది. దీర్ఘం ఎక్కడికీ పోదు! కంప్యూటర్ దగ్గర "త" వేరు, దీర్ఘం గుర్తు వేరు. పొడవు లెక్కపెట్టే లెన్‌ని అడిగితే "తాత"కి 3 అంటుంది. ఒక్కసారే మార్చమని రీప్లేస్ బ్రాకెట్లలో చివర 1 పెడితే ఆ తాతే "మాత" అవుతాడు.

ఇప్పుడు "అక్క"లో "క" తీసి "మ" పెట్టించండి. ఒత్తు ఏమవుతుందో ముందు మీరే ఊహించి, తర్వాతే ఎంటర్ నొక్కండి. "అక్క"కి లెన్ ఎంతో కూడా అడిగి చూడండి.

మీ తాతయ్య