వృద్ధాశ్రమం ఎక్కడ ఇబ్బంది పడుతుంది? అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వృద్ధాశ్రమానికి ఫోన్ చేసే దాతలు ఎక్కువగా అడిగే మాట: "ఒక పూట భోజనానికి ఎంతవుతుందండీ?" మంచి మనసుతో అడిగేదే. కానీ ఆశ్రమాలు మూతపడేది బియ్యం లేక కాదు.

అపోహ: భోజనాలు గడిస్తే ఆశ్రమం గడిచినట్టే.

వాస్తవం: ఆదివారాల్లో, కార్తీక మాసంలో అన్నదానానికి ఒకరి మీద ఒకరు వస్తారు. కరువల్లా జీతాల డబ్బుకే. మంచానపడ్డవాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేకుంటే నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. అంటే రాత్రంతా ఒకరు మెలకువగా ఉండాల్సిందే. వార్డులో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలంటే వారానికి 168 గంటలు. ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులు పనిచేసే ఆయా 48 గంటలు ఇస్తుంది. ఆ లెక్కన ఎప్పుడూ ఒక్క మనిషిని ఉంచడానికే మూడున్నర మంది జీతాలు కావాలి. సెలవులు, జ్వరాలు కలుపుకుంటే నలుగురు. చేతిలో డబ్బు తగ్గితే ముందు తీసేసేది రాత్రి ఆయానే. తెల్లారేసరికి తేడా ఎవరికీ కనబడదు, కొద్దిరోజుల్లో ఓ పెద్దావిడ ఒంటి మీద పుండై బయటపడుతుంది. ఇంతకన్నా అన్యాయమైన పొదుపు మా రంగంలో లేదు.

అపోహ: గవర్నమెంటు చూసుకుంటుందిగా.

వాస్తవం: 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 19వ సెక్షన్లో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మంది నిరుపేదలకు సరిపడేలా పెట్టవచ్చని ఉంది. ట్రస్టులు నడిపే ఆశ్రమాల ఖర్చు భరించాలని లేదు. కేంద్రం అటల్ వయో అభ్యుదయ యోజన అనే వృద్ధుల పథకం కింద గ్రాంటు ఇస్తుంది గానీ అది అందరికీ రాదు. దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ నమోదు), ఈ-అనుదాన్ అనే గ్రాంట్ల పోర్టల్లో దరఖాస్తు, తనిఖీ, ఆడిట్ లెక్కలు, ఇచ్చిన డబ్బు వాడినట్టు చూపే వినియోగ పత్రం అన్నీ సరిపోవాలి. ఒక్క కాగితం ఆగినా విడత ఆగుతుంది, జీతాలివ్వాల్సిన ఒకటో తారీఖు మాత్రం ఆగదు.

అపోహ: పెద్దాయనకు నెలకు 4,000 పెన్షన్ వస్తుంది, చాలదా?

వాస్తవం: అది ఆయన సొంత డబ్బు, ఆశ్రమానిది కాదు. పైగా పెన్షన్ కార్డు కావలిలో, మనిషి ఒంగోలులో ఉంటే పంచే రోజున అందకుండా పోతుంది. చేర్చుకునేటప్పుడే ఆశ్రమం ఉన్న ఊరి సచివాలయానికి బదిలీ పెట్టించాలి.

అపోహ: కృష్ణపట్నం రేవు, చీమకుర్తి గ్రానైటు ఉండగా కంపెనీల డబ్బుకు కొదవేంటి?

వాస్తవం: కంపెనీల చట్టప్రకారం సగటు లాభంలో 2 శాతం సమాజసేవకు (సీఎస్ఆర్) ఖర్చుపెట్టాల్సింది పెద్ద కంపెనీలే: నికర లాభం 5 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర విలువ 500 కోట్లు, వీటిలో ఏదో ఒకటి దాటినవి. ఆ డబ్బు తీసుకోవాలంటే ట్రస్టుకు 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను రాయితీ), సీఎస్ఆర్-1 (ఆ నిధులు తీసుకునేందుకు) నమోదుతో పాటు మూడేళ్ల అనుభవం కావాలి. అవన్నీ ఉన్నా, ఎక్కువగా వచ్చేది గదో, అంబులెన్సో. దాని డ్రైవరు జీతం, డీజిలు మళ్లీ ఆశ్రమం నెత్తినే.

అపోహ: బ్యాంకులో నిల్వ ఉన్న ఆశ్రమానికి సాయమెందుకు?

వాస్తవం: పన్ను మినహాయింపు నిలవాలంటే ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చుచేయాలి. మామూలుగా మిగుల్చుకోగలిగేది 15 శాతం. ఆ కాస్త నిల్వే జీతాలకు భరోసా. మూడు నెలల జీతాలు చేతిలో లేని చోట ఒక్క దాత తప్పుకున్నా ఆయాలు వెళ్లిపోతారు.

ఇవ్వదలచుకుంటే నెలనెలా బ్యాంకు నుంచి వెళ్లేలా పెట్టి, 'జీతాలకు' అని రాసివ్వండి. 2,000 దాటిన నగదుకు 80జి రాయితీ రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు.