ముఖంలో భావం ఎప్పుడు మారాలి? యానిమేషన్‌లో కొన్ని అపోహలు, వాస్తవాలు

రివ్యూకి వచ్చే షాట్లలో చాలావరకు పోజులు బాగానే ఉంటాయి. కోపం కోపంలాగే, నవ్వు నవ్వులాగే కనిపిస్తాయి. తేడా కొట్టేది ఒక భావం నుంచి ఇంకో భావానికి వెళ్లే ఆ పది పన్నెండు ఫ్రేముల్లోనే (ఒక్కో ఫ్రేము అంటే ఒక్కో బొమ్మ). ఇక్కడ చెప్పే లెక్కలన్నీ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున.

అపోహ: తల తిప్పుతున్నప్పుడే భావం కూడా మార్చేస్తే సహజంగా ఉంటుంది.

వాస్తవం: తల విసురుగా తిరిగేటప్పుడు మనకు కదలికే తప్ప ముఖం కనిపించదు. మార్పు సరిగ్గా అక్కడ పడితే ప్రేక్షకుడు దాన్ని చూడనే చూడడు. భావం తల తిరగకముందే మారాలి, లేదంటే తిరిగి కుదురుకున్నాక మారాలి. పాత డిస్నీ యానిమేటర్ల కాలం నుంచీ చెబుతున్న మాటే ఇది. తల నెమ్మదిగా తిరిగితే మాత్రం రెండూ కలిపి నడిపించవచ్చు.

అపోహ: మొదటి పోజు, చివరి పోజు గట్టిగా ఉంటే మధ్యలోది కంప్యూటర్ చూసుకుంటుంది.

వాస్తవం: చూసుకోదు. కనుబొమ్మలు, రెప్పలు, పెదవులు అన్నిటికీ ఒకే ఫ్రేములో కీ (ఆ ఫ్రేములో ఏది ఎలా ఉండాలో చెప్పే గుర్తు) పెడితే అన్నీ ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగుతాయి. ముఖం రబ్బరు ముసుగులా సాగుతుంది.

నవ్వుతూ ఉత్తరం చదువుతున్న పాత్రను తీసుకోండి. చెడు వార్త ఉన్న వాక్యం వచ్చింది. ముందు ఆగాల్సింది కళ్లు: వరుస వెంట గెంతుతూ వెళ్తున్న చూపు ఒక్క మాట దగ్గర నిలిచిపోతుంది. ఓ 8 ఫ్రేములు నవ్వు అలాగే ఉంటుంది, చూపులో మాత్రం సంతోషం ఉండదు. నన్నడిగితే షాటు మొత్తానికీ విలువైనవి ఆ 8 ఫ్రేములే. విషయం బుర్రకెక్కుతున్నది అక్కడే మరి. తర్వాత కింది రెప్పలు సడలుతాయి, కనుబొమ్మల లోపలి కొసలు పైకి లేస్తాయి. పెదవుల మూలలు ఇంకో 4, 5 ఫ్రేములు ఆలస్యంగా దిగుతాయి, అదీ ఒక మూల ముందు, రెండోది కాస్త వెనక. చివర్లో ఊపిరి వదులుతూ భుజాలు జారతాయి. గ్రాఫ్ ఎడిటర్‌లో (కదలికల్ని గీతలుగా చూపి సరిచేసుకోనిచ్చే కిటికీ) ఇదంతా కీలను అటూ ఇటూ జరిపే పనే, కొత్త పోజు ఒక్కటి కూడా అక్కర్లేదు.

అపోహ: పాత్ర బతికున్నట్టు కనిపించాలంటే రెండు మూడు సెకన్లకోసారి రెప్ప వేయించాలి.

వాస్తవం: గడియారం చూసి వేయించిన రెప్ప వెంటనే దొరికిపోతుంది. ఆలోచన మారినచోట, చూపు ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి దూకినచోట, తల బాగా తిరిగినచోట రెప్ప పడితే అర్థం ఉంటుంది. మామూలు రెప్పకి మూయడానికి 2 ఫ్రేములు, మూసి ఉంచడానికి 1, తెరవడానికి 3 లేదా 4 సరిపోతాయి. తెరవడం ఎప్పుడూ కాస్త నిదానమే. ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ బెదిరించే పాత్రకైతే అసలు రెప్పే వేయించకండి.

అపోహ: మైక్రో ఎక్స్‌ప్రెషన్ (ముఖం మీద క్షణంలో తొంగిచూసి పోయే భావం) అంటే ఒకట్రెండు ఫ్రేముల్లో మెరిసి మాయమవ్వాలి.

వాస్తవం: నిజజీవితంలో సెకనులో 25వ వంతు ఉండేవి కూడా ఉన్నాయంటారు. అంటే మనకు ఒక్క ఫ్రేము. తెర మీద అది భావంలా కాదు, రెండర్‌లో (కంప్యూటర్ తుది బొమ్మలు తయారుచేయడంలో) లోపంలా కనిపిస్తుంది. కనీసం 4, 5 ఫ్రేములు ఇవ్వండి.

ఆశ్చర్యం దగ్గర దీనికి రివర్సులో జరుగుతుంది. కళ్లు పెద్దవి చేసిన పోజుని సెకను పైగా అలాగే పట్టి ఉంచుతారు. అసలు ఆశ్చర్యం అంతసేపు నిలవదు, వెంటనే భయంగానో సంతోషంగానో మారిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే పాత్ర నటిస్తున్నట్టు ఉంటుంది. నటిస్తోందని చూపించాలంటే అది పనికొస్తుంది కూడా. దొంగ నవ్వూ అంతే: ఠక్కున వచ్చి ఠక్కున పోతే చాలు, కళ్ల చుట్టూ ముడతలు లేకపోతే ఇంకా మంచిది.

అపోహ: పెదవులు శబ్దం ఉన్న ఫ్రేములోనే కదలాలి.

వాస్తవం: ఒకటి రెండు ఫ్రేములు ముందుంటేనే కంటికి సరిగ్గా ఆనుతుంది. ప, బ, మ దగ్గర పెదవులు కనీసం 2 ఫ్రేములు పూర్తిగా మూసుకోవాలి. భావం మాత్రం ఇంకా ముందే రావాలి. "వెళ్లిపో" అనే మాట బయటికి వచ్చేసరికి కోపం కనుబొమ్మల మీద ఎప్పుడో కూర్చుని ఉండాలి.