రాజుగారి పుట్టినరోజుకు కొరత వేసే కుర్చీ: ఫ్రెంచ్ హాస్య ఒపెరాపై అపోహలు - వాస్తవాలు

ఒపెరా ఆడుతున్నప్పుడు నేను హాలు వెనక చిన్న గదిలో కూర్చుంటాను. వేదిక పైనున్న తెర మీద అనువాదం పడేలా బటన్ నొక్కడం నా పని. ఈ అనువాదాన్ని సర్‌టైటిల్స్ అంటారు. రిహార్సల్స్‌లో దర్శకుడి చేతికింద మనిషిని కూడా. అరుదుగా ఆడే ఫ్రెంచ్ ఒపెరాల గురించి నన్ను అడిగేవాళ్లకు ఎమాన్యుయేల్ షాబ్రియే సంగీతం కూర్చిన 'లేత్వాల్' కథే చెబుతుంటాను. లేత్వాల్ అంటే నక్షత్రం. 1877లో పారిస్‌లోని బూఫ్ పరీజియెన్ థియేటర్లో మొదటిసారి ఆడారు.

ఊఫ్ రాజుగారి పుట్టినరోజుకు ఎవరో ఒకరిని కొరత వేయించడం, అంటే మొనదేలిన కొయ్యకు గుచ్చి చంపించడం, ఆనవాయితీ. ఆ ఏడు నేరస్థుడు దొరకడు. మారువేషంలో వీధుల్లో తిరుగుతుంటే లజూలీ అనే చిల్లర సరుకుల కుర్రాడు ఆయన చెంప ఛెళ్లుమనిపిస్తాడు. రాజుకు పండగే! ఇంతలో ఆస్థాన జ్యోతిష్కుడు సిరోకో పరుగున వస్తాడు: ఈ కుర్రాడు పోతే 24 గంటల్లో తమరూ పోతారు. సిరోకో కంగారుకు కారణం ఉంది. తాను పోయిన పావుగంటకు జ్యోతిష్కుడూ పోవాలని రాజు వీలునామా రాసిపెట్టాడు.

అపోహ: 'ఒపెరా కొమీక్' అంటే కామెడీ.
కాదు. పాటల మధ్య మామూలు మాటలు ఉండే ఒపెరా అని. 1875 నాటి 'కార్మెన్' కూడా ఒపెరా కొమీకే, చివర్లో హత్య జరిగినా సరే. లేత్వాల్ మాత్రం ఒపెరా బూఫ్. అది నవ్వించడానికే పుట్టింది.

అపోహ: ఎవరూ ఆడటం లేదంటే సరుకు లేదనే.
షాబ్రియేదే మరో ఒపెరా 1887 మే 18న మొదలైంది. మూడు ఆటలయ్యాక, మే 25న అది ఆడుతున్న థియేటరే కాలిపోయింది. ఇందులో సంగీతం తప్పేముంది? ఇప్పటి అడ్డంకి వేరే: పాడగలిగి, నటించగలిగి, ఫ్రెంచ్ వచనం తడబడకుండా చెప్పగలిగే గాయకులు తక్కువ. పద్యం అద్భుతంగా ఎత్తుకుని వచనం దగ్గర తేలిపోయే నటుణ్ణి మన పద్యనాటకాల్లో చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు.

అపోహ: సర్‌టైటిల్స్ వేస్తే అందరికీ అర్థమైపోతుంది.
అర్థమవుతుంది, కానీ ఒక్కోసారి ముందే అర్థమైపోతుంది. అదే ప్రమాదం. లేత్వాల్ ప్రదర్శన ఒకదానిలో కొరత వేసే కుర్చీ మీద గుడ్డ కప్పి ఉంచాం. రాజు ఎంతో మర్యాదగా "దయచేసి కూర్చోండి" అంటాడు, ఆ తర్వాత గుడ్డ లాగుతారు. మొదటి రాత్రి నేను టెన్షన్‌లో రెండు సెకన్ల ముందే నొక్కేశా. హాలంతా నవ్వేసింది, రాజు ఇంకా నోరు తెరవలేదు. పాపం, ఆయన డైలాగ్ నిశ్శబ్దంలో పడి చచ్చిపోయింది. మర్నాడు ఆ వాక్యాన్ని రెండు స్లైడ్లుగా విడగొట్టాను. మొదటిదాంట్లో "దయచేసి..." అని మాత్రమే. రెండోది గాయకుడు ఊపిరి తీసుకున్నాకే.

అపోహ: పాత్రలకు సెల్‌ఫోన్, సూటు తగిలిస్తే పాత ఒపెరా కొత్తతరానిది అయిపోతుంది.
నాకైతే ఇది బద్ధకంలా కనిపిస్తుంది. మేం స్వరాల జోలికి వెళ్లం, మాటలు మాత్రం కత్తిరిస్తాం. ఆనాటి పారిస్ వాళ్లకే అర్థమయ్యే చతుర్లు తీసేస్తాం. వేడుక కోసం మనిషిని చంపే ప్రభువు ఏ కాలానికైనా కొత్తగానే ఉంటాడు, ఆయనకు సెల్‌ఫోన్ అక్కర్లేదు.

అపోహ: పేరడీ అంటే మూలం తెలిసినవాళ్లకే.
మూడో అంకంలో చావు ఖాయమనుకున్న రాజు, జ్యోతిష్కుడు ఆకుపచ్చ షార్త్రూజ్ మద్యం తాగుతూ యుగళం పాడతారు. ఇటాలియన్ ఒపెరా గమకాలకు వెక్కిరింత అది. గాయకులు కూడా వెక్కిరింతగా పాడితే చెడిపోతుంది. నిజమైన విషాదగీతంలా ఒళ్లు దగ్గర పెట్టుకుని పాడాలి, చేతిలో గ్లాసు మాత్రం వణకాలి. ఆ పాటకు స్లైడ్లు సగానికి తగ్గించేశాను. తెర వైపు ఎవరూ తలెత్తలేదు.