మా తాత లాంచీ, మా చిన్నాన్న రైలు: వాల్తేరు విభజన వెనక కథ

వాల్తేరు రైల్వే డివిజన్‌ను రెండు ముక్కలు చేసే నిర్ణయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దాదాపు 410 కిలోమీటర్ల లైను విశాఖపట్నం డివిజన్ పేరుతో దక్షిణ కోస్తా జోన్‌లోకి వస్తుంది. ఇంకో 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా జోన్‌లోనే ఉంటుంది. అప్పట్నుంచీ మా చుట్టాలిళ్లలో ఒకటే మాట: ఉద్యోగాల్లో ఎవరు ఇక్కడ విశాఖలో, ఎవరు ఒడిశాలోని రాయగడలో? ఈ బెంగ ఎక్కడిదో తెలియాలంటే రైలెక్కని మనిషి దగ్గర మొదలుపెట్టాలి. మా తాత లాంచీ సరంగు.

విశాఖ పాతపట్నం రేవు నుంచి యారాడ కొండ వైపుకి జనాన్ని దాటించేవాడు. ఛానెల్లోకి పెద్ద ఓడ వస్తోందంటే లాంచీని ఒడ్డుకి ఆనించేసేవాడు. కూరల గంపలు, కట్టెల మోపులు దింపకుండానే జనం నిలబడేవాళ్లు. ఓడ వెళ్లిపోయినా, అది లేపిన అల సద్దుమణిగేదాకా తాడు విప్పనిచ్చేవాడు కాదు. ఎంత తొందరపెట్టినా అంతే. ఆ పట్టుదల వల్లే అతని మీద జనానికి అంత నమ్మకం.

అతని తండ్రి, అన్న ఇద్దరూ రైల్వేలోనే. ఇది యాదృచ్ఛికం కాదు. విశాఖ రేవును కట్టే పని చేపట్టింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసును సముద్రానికి చేర్చడం ఉద్దేశం. అందుకే 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయింది, 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ రేవులోకొచ్చింది, డిసెంబరు 19న వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. రైలూ రేవూ ఒకదాని కోసం ఒకటి పుట్టాయి. ఒక ఇంట్లో ఒకడు షెడ్డుకి, ఇంకొకడు నీళ్లకి పోవడం అప్పట్లో మామూలే.

తర్వాత 1960ల్లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి కొత్తవలస–కిరండోల్ లైను వేశారు. మా చిన్నాన్న ఆ కొండదారి లైన్లోనే డ్రైవరు. సొరంగాలు దాటేటప్పుడు బ్రేకు మీంచి చెయ్యి తీసేవాడు కాదు. ఇప్పుడు అతని కొడుకు, అంటే నా తమ్ముడు కూడా అదే లైన్లో లోకో పైలట్.

నిర్ణయం ప్రకారం ఆ లైన్లో కొత్తవలస–బచేలి భాగం రాయగడకే పోతుంది. ఆ లైను వేసింది మాత్రం ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికే. గీత గీసేటప్పుడు ఈ బంధాన్ని లెక్కలోకి తీసుకోవాల్సింది. కనీసం ఆ లైన్లో తరాలుగా పనిచేస్తున్నవాళ్లకి కోరుకున్న చోటు దక్కాలి. ఆ తమ్ముడి పిల్లలు ఇక్కడే విశాఖ కంచరపాలెంలో చదువుకుంటున్నారు.