మనసులో వేసిన సర్వ్ నెట్ దాటుతుందా? విజువలైజేషన్‌పై అపోహలు - వాస్తవాలు

బ్యాడ్మింటన్ డబుల్స్‌లో స్కోరు 19-19. నెట్ దాటగానే దగ్గర్లో వాలే షార్ట్ సర్వ్ వేసే ముందు ఆటగాడు ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఊహించుకుంటాడు. విజువలైజేషన్ అంటే ఇదే. లోపల ఏం చూస్తున్నావని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: ‘గెలిచినట్టు.’ చిక్కు అక్కడే ఉంది.

అపోహ: గెలిచినట్టు ఊహించుకుంటే చాలు.

వాస్తవం: కప్పు, చప్పట్లు ఊహించుకుంటే హుషారు వస్తుందేమో కానీ చేతికి పని రాదు. 1999లో అమెరికాలో పరీక్షకు సిద్ధమవుతున్న విద్యార్థులపై ఇదే పరీక్షించారు. మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్ల కంటే, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లకే మార్కులు ఎక్కువ వచ్చాయి.

కాబట్టి ఊహించాల్సింది సర్వ్‌ని. బ్యాక్‌హ్యాండ్ షార్ట్ సర్వ్ అయితే ఇలా: బొటనవేలు హ్యాండిల్ వెడల్పు వైపు ఆనుకుని ఉంది, పట్టు వదులుగా ఉంది. రెండో చేతి వేళ్ల మధ్య షటిల్ ఈక కొస, దాని గుండ్రటి అడుగు (కార్క్) రాకెట్ వైపు. షటిల్ 1.15 మీటర్ల లోపు ఎత్తులోనే ఉంది. చిన్న తోపు, ‘టక్’మని చప్పుడు. షటిల్ నెట్‌కి మన వైపు ఉండగానే పైకి లేచి, మధ్యలో 1.524 మీటర్ల ఎత్తున్న నెట్‌ని రాసుకున్నట్టు దాటి, నెట్‌కి అవతల 1.98 మీటర్ల దూరంలోని సర్వీస్ గీత మీదికి వాలుతుంది. ఇందులో కంటికి కనిపించేది సగమే. మిగతా సగం బొటనవేలికి తెలిసే ఒత్తిడి. కొత్తవాళ్లు వదిలేసేది దాన్నే.

అపోహ: పడుకుని, ఒళ్లంతా వదులు చేసి, ప్రశాంతంగా ఊహించాలి.

వాస్తవం: నిద్రపట్టాలంటే అది మంచి పద్ధతే. ఆటకు మాత్రం బూట్లు వేసుకుని, రాకెట్ పట్టుకుని, వీలైతే కోర్టులోనే నిలబడాలి. 2007లో ఫీల్డ్ హాకీ పెనాల్టీ ఫ్లిక్‌పై ఒక ప్రయోగం జరిగింది. ఆట దుస్తుల్లో మైదానంలో నిలబడి ఊహించినవాళ్లు, ఇంట్లో కూర్చుని ఊహించినవాళ్ల కంటే బాగా మెరుగుపడ్డారు. కళ్లు తెరిచి ఉంచినా ఫర్వాలేదు. స్లో మోషన్ మాత్రం వద్దు. మీ అసలు సర్వ్‌కు నిలబడటం నుంచి షటిల్ పడేదాకా ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్‌తో చూసుకోండి. మనసులోనూ అంతే పట్టాలి.

అపోహ: ఊహే సాధనతో సమానం.

వాస్తవం: కాదు. 1994లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, మనసులో సాధన అసలేమీ చేయకపోవడం కంటే మేలే, కానీ ఒంటితో చేసిన సాధన కంటే తక్కువేనని తేలింది. మరి ‘ఊహతోనే కండబలం’ అన్న మాట ఎక్కడిది? 1992 నాటి ప్రయోగం ఒకటుంది. నాలుగు వారాల్లో చిటికెన వేలి బలం నిజంగా వ్యాయామం చేసినవాళ్లలో 30 శాతం, ఊహించినవాళ్లలో 22 శాతం పెరిగింది. పెరిగింది కండ కాదు, మెదడు ఆ కండకు పంపే ఆదేశం. చిటికెన వేలి లెక్కను తొడలకు అంటగట్టి జిమ్ మానేస్తే నష్టపోయేది మీరే.

అపోహ: తప్పు జరిగినట్టు అస్సలు ఊహించకూడదు.

ఇందులో సగం నిజం ఉంది. ‘నెట్‌కి కొట్టకూడదు’ అనుకున్న మరుక్షణం కళ్లముందు కనిపించేది నెట్టే. అందుకే ‘నెట్ పైఅంచు టేపుకి ఒక షటిల్ ఎత్తు పైన’ అని, చేయాల్సిన పనినే చెప్పుకోవాలి. మనసులో షటిల్ పదేపదే నెట్‌కే తగులుతుంటే అక్కడే ఆపండి. కార్క్‌ని తాకే ముందు క్షణానికి వెనక్కి వెళ్లి మళ్లీ వేయండి. అప్పటికీ కుదరకపోతే ఊహ పక్కనపెట్టి ఐదు నిజం సర్వ్‌లు వేయండి. సర్వ్ సరిగా రానివాళ్లు ఊహలో గట్టిపరుచుకునేది తప్పునే.

అయితే ఇబ్బంది వచ్చినట్టు, దాన్నుంచి తేరుకున్నట్టు ఊహించడం వేరే సంగతి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్‌లోకి నీళ్లు నిండిపోయాయి. ఏమీ కనిపించకపోయినా చేతుల బారలు లెక్కపెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. అలాంటి ఆటంకాలను అతను ముందే మనసులో ఈది చూసుకునేవాడు.

అపోహ: బొమ్మ సినిమాలా కనబడాలి.

కొందరికి మనసులో బొమ్మే రాదు. దీనికి 2015లో అఫాంటేసియా అని పేరు కూడా పెట్టారు. అలాంటివాళ్లు చేతికి తెలిసే స్పర్శను, చప్పుడును పట్టుకుంటే సరి. బొమ్మ వచ్చేవాళ్లు సర్వ్‌ని తమ కళ్లతోనే చూడాలి. కూచిపూడి నాట్యంలా భంగిమే ముఖ్యమైన చోట, బయటినుంచి తమను తాము చూసుకోవడం పనికొస్తుంది.

ఎంతసేపు? ఇరవై నిమిషాలు దాటితే ధ్యాస చెదురుతుంది. ఐదు నిజం సర్వ్‌లు, ఐదు ఊహలో, మళ్లీ ఐదు నిజం, ఇలా పది నిమిషాలు, వారానికి నాలుగు రోజులు చాలు. మానేస్తే లాభం వారాల్లోనే కరిగిపోతుంది. సర్వీస్ గీత వెనక జానెడు వెడల్పున టేపు అంటించి, వారానికోసారి 20 సర్వ్‌లు వేసి ఎన్ని అందులో పడ్డాయో రాసుకోండి. రెండు వారాలైనా అంకె కదలకపోతే, ఫోన్‌లో తీసిన మీ సర్వ్‌ని మీరు ఊహిస్తున్న సర్వ్ పక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కువగా దొరికేది టైమింగ్‌లోనే.